రోవీనా వదులుకున్న డ్యూటీ

ఈసారి అంత్యక్రియల డ్యూటీ కూడా రోవీనాయే ఎగరేసుకుపోయింది. ఆ మాట వినగానే సార్జెంట్ డెల్మర్‌కు ఒళ్ళు మండింది.

సరస్సు ఒడ్డున ఉన్న ఎరీ ఊళ్ళోని సైనిక రిజర్వు దళంలో ఆ పనికి జీతం లేదు. చనిపోయిన పాత సైనికుడి శవపేటిక మీది జెండాను మడిచి, మోకాలి మీద కూర్చుని, ఇంటివాళ్ళ చేతికి అందించాలి. దక్కేది ఒక్క పాయింటు. అలాంటి పాయింట్లు చాలినన్ని పోగైతేనే ఆ ఏడాది పింఛను లెక్కలోకి వస్తుంది. డెల్మర్‌కు అలాంటి ఏడాది ఇంకొక్కటి కావాలి. వయసు మీరిపోతోంది. ఈ ఏడు దాటితే దళంలో ఉండనివ్వరు.

అదే దళంలో పనిచేసే రోవీనాకు ఆ బాధే లేదు. ఆమె పింఛను ఎప్పుడో ఖాయమైపోయింది. అయినా మంచు కురవనీ, సరస్సు గాలి చెవులు కోసెయ్యనీ, ముందు చెయ్యెత్తేది ఆమే. పైగా దళం హాల్లో డెల్మర్ జెండా మడవటం సాధన చేస్తుంటే, గుమ్మంలో నిలబడి రెప్ప వెయ్యకుండా చూసేది. తప్పులు పట్టడానికే అనుకునేవాడు.

ఒకరోజు కాఫీ దగ్గర ఉండబట్టలేక అడిగేశాడు.

"ఉన్నవి చాల్లేదా నీకు? మమ్మల్ని కూడా కాస్త బతకనివ్వొచ్చుగా."

"ఇంట్లో కూర్చోలేక వస్తున్నాను డెల్మర్."

"మొగుడున్నాడుగా. ఆయనతో కబుర్లు చెప్పుకో."

రోవీనా కప్పు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. 'అబ్బో, ఎంత పొగరు' అనుకున్నాడు డెల్మర్.

తర్వాత కొన్నాళ్ళకు కెప్టెన్ గ్రేడీ అతన్ని పిలిపించాడు.

"శనివారం డ్యూటీ మీదే సార్జెంట్. రోవీనా తప్పుకుంది."

"ఆవిడా? తప్పుకుందా?"

"మీరే రావాలని అడిగింది. మీ అంత పొందిగ్గా జెండా మడిచేవాళ్ళు లేరంది. అసలు సంగతేంటంటే..."

"వద్దు సార్. ఆవిడ దానధర్మాల గురించి నాకు చెప్పకండి. డ్యూటీ చేస్తాను, అంతే."

కెప్టెన్ ఇంకేదో చెప్పబోతుండగానే సెల్యూట్ కొట్టి బయటికొచ్చేశాడు. పోయినాయన పేరు కూడా వినలేదు.

"బిచ్చం వేసింది నాకు," అన్నాడు ఆ సాయంత్రం, బూట్లు తోముతూ.

"వేస్తే వేసింది. పాయింటు వచ్చిందిగా," అంది భార్య. ఆ మాట ఇంకా మండించింది.

శనివారం శ్మశానంలో ఈదురుగాలి వీస్తోంది. నియమం ప్రకారం చూపు జెండా మీదే నిలిపాడు డెల్మర్. అవతలి కొస పట్టుకున్న సైనికురాలితో కలిసి మడత మీద మడత వేశాడు. మడిచాక జెండాలోని నీలం భాగమే పైకి కనిపించాలి; ఎర్రటి పోగు ఒక్కటీ బయటపడలేదు. జన్మలో ఇంత చక్కగా ఎప్పుడూ కుదరలేదు. ఇది రోవీనా చూస్తే కుళ్ళుకుని చస్తుంది అనుకున్నాడు.

జెండాను గుండెకు ఆనించుకుని నడిచాడు. మోకాలి మీద కూర్చున్నాడు.

"దేశం తరఫున, కృతజ్ఞతతో..." అంటూ తలెత్తాడు.

ముందు వరుసలో నల్లకోటులో కూర్చుని, తన భర్త జెండా కోసం రెండు చేతులూ చాచింది రోవీనా.