ఏడు బై ఆరు

“జర జల్దీ పోనియ్యన్నా! సారు గేటు లోపలికి పోయిండంటే ఇగ నా పని ఖతం.”

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దారిలో సాతంరాయి దాటినప్పటి నుంచీ వినీల బండి వెనకాల కూర్చుని ఒకటే గోల. నడుపుతున్న అన్న ప్రేమ్ రాజ్‌కు విసుగొచ్చింది.

“గింత పరేషాన్ ఏందే? ఏం కొంప మునిగింది?”

“లెక్క తప్పిందన్నా. సారేమో ఫోన్ ఎత్తుతలేడు. గా తప్పు లెక్కనే సారు పొయ్యి జర్మనీల పెద్ద మీటింగుల చదువుతడు. గా పేపర్ మీద నా పేరు గూడ ఉన్నది.”

అదేమీ కూరగాయల లెక్క కాదు మరి. లిథియం కేంద్రకంలోంచి ఒక్క ప్రోటాన్‌ను ఊడబీకితే, మిగిలింది హీలియం కేంద్రకాన్ని ఎంతవరకు పోలి ఉంటుందో చెప్పే అంకె. దానికి రాజశేఖర్ సారు ఇరవై ఏళ్ల కింద ఒక కంప్యూటర్ ప్రోగ్రాము రాశాడు. ఆయన దగ్గర పరిశోధన చేసే శిష్యులంతా అదే వాడాలి. విప్పి చూడకూడదు. లిథియంలో ఏడు కణాలు, ఒకటి పోతే ఆరు కాబట్టి, వచ్చినదాన్ని చివర ఏడు బై ఆరుతో గుణించాలి, అంతే. వినీలకు సున్నా పాయింట్ ఎనభై వచ్చింది. సారు పాత పేపర్లోనూ అదే అంకె. ఆయన మురిసిపోయాడు.

ఈ పొద్దున ఉండబట్టలేక ఆమె ప్రోగ్రామును విప్పింది. ఆ గుణకారం లోపలే ఉంది! అంటే ఇన్నేళ్లుగా సారు రెండుసార్లు గుణిస్తున్నాడు. వెంటనే అన్నను లేపి బండెక్కింది.

“సార్‌కు నువ్వెట్ల చెప్తవే?”

“అదే భయమన్నా. లెక్క తప్పు చేసిండని నాకంటె ముందు సారు దగ్గర చేసిన జగదీశ్‌ను అందరి ముందు తిట్టి ఎళ్లగొట్టిండు. ఇప్పుడు తప్పు నీదే సార్ అంటే నన్ను ఉంచుతడా?”

ఎయిర్‌పోర్టు గేటు దగ్గర సారు పాస్‌పోర్టు పట్టుకుని వరుసలో ఉన్నాడు. ముందు ఇద్దరే ఉన్నారు. వినీల పరుగెత్తింది.

“సార్... జర ఆగుండ్రి సార్. ప్రోగ్రాము విప్పి చూసిన. ఏడు బై ఆరు... లోపలే ఉన్నది.”

“ఎవరు విప్పమన్నారు నిన్ను?”

ఆ అరుపుకి గేటు దగ్గర జవాను కూడా తలెత్తి చూశాడు. అయిపోయింది, మూడేళ్ల కష్టం బూడిదలో పోసినట్టే అనుకుంది వినీల.

“తప్పే సార్. కానీ మనం రెండుసార్లు గుణిస్తున్నం.”

సారు కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. మనసులో లెక్క వేస్తున్నాడు కాబోలు.

“ఒక్కసారే గుణిస్తే ఎంత?”

“సున్నా పాయింట్ అరవై తొమ్మిది సార్.”

సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. “తరవాత మీరే సార్, నడవండి” అన్నాడు జవాను. సారు నడవలేదు. ట్రాలీని వరుసలోంచి బయటికి లాగి, దాని మీదే కూలబడ్డాడు.

“నేను వెళ్లగొట్టిన రోజు, జగదీశ్ చేతిలో కాగితం మీద ఉన్నది ఇదే అంకె అమ్మా.”