గేటు వేసిందెవరు?

“ఈ గేటు వేసిందెవరు?”

పశువుల క్షేత్రం యజమానురాలు డోన్యా ఎల్విరా గుర్రం దిగకుండానే అరిచింది. ఆ అరుపుకి కంచె తీగలు మైలు దూరం దాకా మోగాయి. కంచెకి ఇవతల నలభై తొలిచూలు పెయ్యలు నాలుకలు వేలాడేసి నిలబడ్డాయి. రెండు కూలబడిపోయాయి. అవతల నిండుకుండలా నీళ్ల తొట్టి. మధ్యలో మూసిన గేటు.

ఉరుగ్వేలో జనవరి అంటే నడివేసవి, టోపీలో గుడ్డు పెడితే కోడిపిల్ల బయటికొచ్చే ఎండ. నిన్న పొద్దుటి నుంచి వాటికి గుక్కెడు నీళ్లు లేవు.

ఫెర్గస్ ఓ అడుగు వెనక్కి వేశాడు. వేసింది అతనే.

ఇరవై రెండేళ్ల ఫెర్గస్‌ది స్కాట్లాండ్. తాతల నాటి నుంచి మేలుజాతి పశువుల్ని పెంచే ఇల్లు. మాంసం పశువుల వ్యాపారం బయటి దేశాల్లో ఎలా సాగుతుందో మూడు నెలలు చూసి రమ్మని అక్కడి పెంపకందార్ల సంఘం పంపింది. వాళ్ల ఊళ్లో ఒక్కో ఎద్దుకీ ఒక పేరు, ఒక దువ్వెన. తెరిచిన గేటు కనిపిస్తే పెళ్లికొడుకైనా సరే పరిగెత్తుకెళ్లి వెయ్యాల్సిందే. ఇక్కడ పద్ధతి వేరు. గేటు ఎలా కనిపిస్తే అలాగే వదిలెయ్యాలి. తెరిచి ఉందంటే పశువులు ఆ దారినే నీళ్లకి పోతున్నాయని అర్థం. ఆ సంగతి వచ్చిన రోజే పెద్దపాలేరు హసింతో చెప్పాడు. ఫెర్గస్ పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాడు. చేతికి మాత్రం చదువు రాలేదు.

“నేనే వేశానమ్మగారూ. మర్చిపోయాను,” అన్నాడు హసింతో.

అంటూనే గేటు పక్క దుమ్ములో ఉన్న రబ్బరు బూటు జాడని కాలితో మెల్లగా చెరిపేశాడు. ఆ చుట్టుపక్కల రబ్బరు బూట్లు ఫెర్గస్‌కే ఉన్నాయి.

“నలభై ఏళ్ల నుంచి పశువుల్లో ఉన్నవాడివి! సిగ్గు లేదూ?” అంది డోన్యా ఎల్విరా. “ఇక చాలు. సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు, పో.”

ముసలాయన టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు. భుజాలు కదిలాయి. ఫెర్గస్ గేటు తెరవడానికి పరిగెత్తాడు.

నీళ్లు తాగించాక పడిపోయిన పెయ్యలు రెండూ లేచాయి. ఫెర్గస్ మాత్రం లేవలేకపోయాడు. చేసింది చెబితే రేపే ఇంటికి పంపేస్తారు. సంఘంలో రెండు వందల మంది ముందు తండ్రి తల దించుకోవాలి. చెప్పకపోతే తాత వయసు మనిషి తన మూలంగా వీధిన పడతాడు. అందరూ ఒకే గిన్నెలో తాగే మాతే ఆకుల కషాయం చేతులు మారుతూ తన దాకా వస్తే ముట్టకుండా పక్కవాడికి అందించేశాడు.

“ఏం ఎర్రజుట్టూ, రెండు రోజులుగా గడ్డి కూడా ముట్టడం లేదు? నీక్కూడా పశువుల డాక్టర్ని పిలవమంటావా?” అంది వంటామె రమోనా.

అందరూ నవ్వారు. హసింతో కూడా నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఫెర్గస్‌కి భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

“తాతా, నిజం నేను చెప్పేస్తాను,” అన్నాడు గుర్రాల కొట్టం దగ్గర పట్టుకుని.

“నోర్ముయ్. చెప్పావంటే నీ జుట్టు పీకి జీను కుట్టిస్తా.”

ఎంత గొప్ప మనసు! ఫెర్గస్‌కి ఏడుపొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ముసలాయనకి వీడ్కోలు విందు. నిప్పుల మీద పక్కటెముకల మాంసం చిటపటమంటోంది. పనివాళ్లంతా చేరారు. డోన్యా ఎల్విరా గ్లాసెత్తింది. అప్పుడు లేచాడు ఫెర్గస్. వచ్చీరాని భాషలో, చెవులు జుట్టుకంటే ఎర్రబడగా, ఒక్క గుక్కలో చెప్పేశాడు.

“గేటు వేసింది నేను. తాత కాదు. నన్ను కాపాడాలని నింద మీదేసుకున్నాడు. పిరికివాణ్ణి, మూడు రోజులు దాచాను. నన్ను పంపెయ్యండి.”

డోన్యా ఎల్విరా గ్లాసు దించింది. కళ్లు తుడుచుకుంది. నేరుగా హసింతో దగ్గరికెళ్లి కావలించుకుంది.

“క్షమించు హసింతో! నీలాంటి మనిషిని పొమ్మన్నానా? ఆ మాట మళ్లీ నా నోట రాదు. నేను పోయేదాకా నువ్విక్కడే ఉంటావు!” ఫెర్గస్ వైపు తిరిగింది. “నువ్వూ ఉండు. తప్పు ఒప్పుకున్నావు, చాలు.”

చప్పట్లకి కోళ్లు చెట్టెక్కాయి. మూడు రోజుల తర్వాత ఫెర్గస్‌కి ఆకలేసింది. ముక్క నోట్లో పెట్టుకోబోతుంటే హసింతో వచ్చి చెయ్యి పట్టుకుని కొట్టం వెనక్కి లాక్కెళ్లాడు. ముసలాయన కళ్లలో నీళ్లు.

“పర్లేదు తాతా, నాకు థాంక్స్ చెప్పక్కర్లేదు.”

“థాంక్సా! అమ్మగారి భర్త, పెద్దయ్యగారు, పోతూ పోతూ నాచేత ఒట్టేయించుకున్నాడురా, ఈవిడ పొమ్మనేదాకా ఇక్కణ్ణుంచి కదలనని.”

“అందుకే కదా తాతా, అన్యాయంగా పొమ్మంటుంటే చూడలేక...”

హసింతో టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

“నాలుగేళ్లుగా ఆ మాట కోసమే కాచుక్కూచున్నా గదరా!”