మినహాయింపు

"వరసలో నిలబడేదానికి కూడా పాఠం చెప్పాల్నా మీకు? ఆడ నిలబడు. గోడకి ఆనుకోబాక."

చింతాద్రిపేటలోని ఆ ఆడపిల్లల కాలేజీలో ఆఫీసు సూపరింటెండెంట్ కోకిలకు పొద్దున్నించీ ఒళ్లు మండుతోంది. కోకిల అనేది పేరుకే. గొంతు విప్పిందంటే కిటికీ మీది కాకులు కూడా లేచిపోతాయి.

ఆమె కోపానికి కారణం క్లౌడు. ఇన్నేళ్లుగా పిల్లల వివరాలన్నీ ఆమె గదిలోని పాత కంప్యూటర్లోనే ఉండేవి. ఇప్పుడు వాటన్నిటినీ క్లౌడులోకి ఎక్కించాలట. పాతదానికి ఏం రోగమొచ్చిందని అడిగితే ప్రిన్సిపల్, సాయంత్రం అయిదింటికి పాతది ఆపేస్తారని మాత్రం చెప్పాడు. ఆలోపు ఎక్కని పిల్లకు హాల్ టికెట్ రాదు. సోమవారం నుంచి ఆఖరి సెమిస్టరు పరీక్షలు.

కొత్తదానికి ఒక తిక్క ఉంది. అన్నిటికంటే ముందు తండ్రి మొబైల్ నంబరు అడుగుతుంది. ఆ నంబరుకు ఓటీపీ పోవాలి. అది చెబితేగానీ పేరూ ఊరూ అడిగే పేజీ తెరుచుకోదు. తండ్రి లేని పిల్లల కోసం పక్కనే 'మినహాయింపు' అని ఒక బటన్ పెట్టారు. దాన్ని నొక్కే అధికారం కోకిల ఒక్కదానిదే. చావు సర్టిఫికెట్ కళ్లతో చూస్తేగానీ ఆమె దాన్ని నొక్కడం లేదు.

వరసలో ముందున్న పిల్ల తండ్రి నంబరు కోసం ఫోను వెతుక్కుంటోంది.

"సొంత నాయన నంబరు ఫోనులో చూసి చెప్తావా? బాగుందే. నన్ను నిద్రలో లేపి అడుగు, నా మొగుడి నంబరు గడగడా చెప్తా. పద్దెనిమిదేళ్ల సంసారం."

అనడమే కాదు, ఆఫీసు ఫోను ఎత్తి చూడకుండానే పది అంకెలూ నొక్కింది. "ఏమండీ, అయిదుకంతా వచ్చేయండి. స్కూటరు గేటు కాడే పెట్టండి, నేనొస్తా."

పిల్లలు నవ్వారు. కోకిలకు కాస్త హుషారొచ్చింది.

"తర్వాత."

రంజిత ముందుకొచ్చింది. రాయపురం పిల్ల. తల్లి పచ్చయమ్మ రేవులో చేపలమ్మి చదివిస్తోంది. బ్యాంకు ఉద్యోగానికి ఎంపికైంది కూడా. ఈ పరీక్షలు రాస్తేనే అది దక్కేది.

"నాయన నంబరు."

"మా అమ్మ నంబరు వెయ్యండి మేడం."

"ఇది నాయనదే అడగతా ఉంది. ఉండాడా, పోయినాడా?"

"ఉండాడు. ఈ ఊర్లోనే. నాకు రెండేళ్లప్పుడు మమ్మల్ని వదిలేసినాడు. మినహాయింపు నొక్కండి మేడం, మీకు పుణ్యముంటుంది."

కోకిల కుర్చీలో వెనక్కి వాలింది. ఇలాంటి సంగతి దొరికితే ఆమె ఒక పట్టాన వదలదు.

"వదిలేసినాడా, మీయమ్మ తరిమేసిందా? మొగుణ్ణి నిలుపుకునే నేర్పు ఉండాల మే ఆడదానికి. సుమ్మా పోతాడా మగాడు, ఏమీ లేకుండా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రంజిత కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"మా అమ్మనేమీ అనొద్దు మేడం. నన్ననండి."

"నిన్ను కూడా అంటా. ఐడీ కార్డులో నీ పేరుకి ముందర ఈ 'పి' ఏంది?"

"పచ్చయమ్మ. మా అమ్మ పేరు."

"రోషానికేం తక్కువ లేదు." కోకిల బల్ల మీది తన పేరు బోర్డును వేలితో తట్టింది. "చూడు. ఎస్. కోకిల. పెళ్లికి ముందు మా నాయన పేరు, ఇప్పుడు మా ఆయన పేరు. అట్టా ఉంటేనే మర్యాద."

రంజిత ఆ బోర్డును చూసి తల తిప్పుకుంది. ఆ బోర్డు ఆమెకు కొత్తది కాదు. మూడేళ్లుగా చూస్తూనే ఉంది.

"అడగబాకండి మేడం. మీ మంచికే చెప్తా ఉండా."

"నా మంచా? నన్నే బెదిరిస్తావా? ఎవరనుకున్నావే నన్ను?"

గడియారం అయిదుకు దగ్గర పడింది. కోకిల బల్ల పక్క కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. రంజిత మాటిమాటికీ అటే చూస్తోంది.

"ఎవరే గేటు కాడ? కాచుకోని ఉండాడా ఎవడన్నా? తల్లి బుద్ధి యాడికి పోతుంది?"

ఆ మాటతో పిల్ల ముఖం మారిపోయింది. ఇంతసేపూ బతిమాలిన గొంతు అది కాదు.

"కడపటిసారి అడగతా ఉండా మేడం. ఆ బటన్ నొక్కతారా, లేదా?"

"నొక్కను. నంబరు చెప్పు, లేకుంటే పో. హాల్ టికెట్ మీయమ్మ చేపల గంపలో వెతుక్కో."

"శరి. రాసుకోండి. నాకు కంఠతా వచ్చు, మా అమ్మ నేర్పించింది. ఒక్కసారి కూడా చెయ్యలేదు నేను."

"అట్టా రా దారికి."

కోకిల ముందుకు జరిగి కీబోర్డు మీద చేతులు పెట్టింది. ముఖమంతా గెలిచిన సంతోషం.

"తొమ్మిది, నాలుగు, నాలుగు," అంది రంజిత.

"ఊఁ."

"నాలుగు, సున్నా."

"నిద్రపోతా ఉండావా? బిరబిరా చెప్పు."

"రెండు, ఏడు."

రంజిత అక్కడ ఆగింది. మిగిలిన మూడంకెలూ ఆమె నోరు విప్పకముందే కోకిల వేళ్లు వాటంతటవే కొట్టేశాయి.