ఎడమ భుజం

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. తప్పులుంటే మన్నించండి, కూడబలుక్కుంటూ నిదానంగా రాశాను.

"నూనె రాశాం, ఉప్పు మూటతో కాపడం పెట్టాం, బట్టలు కుట్టడం కూడా మానిపించాం. అయినా మా అమ్మ భుజం నొప్పి తగ్గలేదండీ," అంది కూతురు.

ఆసుపత్రిలో నొప్పులకు వ్యాయామాలు నేర్పే ఆవిడ, కూతురి మాట విని తల్లి వైపు తిరిగింది. "ఆ గోడ దాకా నడవండి పెద్దమ్మా."

"భుజం నొప్పికి కాళ్లేం చేశాయి తల్లీ?" అంటూనే నడిచింది తల్లి.

"ఎడమ భుజం అలా ఎత్తి బిగబట్టారేం? వదిలెయ్యండి."

"వదిలేస్తే ఆయన పడిపోరూ!"

అనేశాక తల్లి నిలబడిపోయింది. పక్షవాతం వచ్చిన భర్తను ఆరేళ్లు ఆ భుజం మీదే నడిపించింది. ఆయన పోయి ఏడాది దాటింది.

"అమ్మా..." కూతురు లేవబోయింది. వద్దని చెయ్యి ఊపి, తల్లి భుజం మెల్లగా దించింది. నాలుగడుగులు ఒక్కతే వేసింది.

"ఇప్పుడెలా ఉంది పెద్దమ్మా?"

"కాస్త తేలికైంది తల్లీ."

ఇన్నాళ్లూ నొప్పికి ఏడవని మనిషి, ఆ మాట అని ఏడ్చింది.

— కుట్టుపని పెద్దమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉండేది కూతురింట్లో.