ఐదుగురి పొట్ట

పొట్ట చిన్నది చేయించుకున్నవాళ్లని ఆస్పత్రిలో ఇప్పుడు ఐదుగురేసి జట్టు కలుపుతున్నారు. ఒకరి పొట్ట నిండితే మిగతా నలుగురికీ నిండినట్టే ఉంటుంది. ఎక్కడున్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోడానికి తలా ఒక గాజు చేతికి తొడుగుతున్నారు.

ఆపరేషనయ్యాక వరాలమ్మకి ఇదే మొదటి విందు, అదీ కొత్త వియ్యాలవారింట్లో. ఒక గారె తినేసరికే పొట్ట బిగిసింది. వియ్యపురాలు రెండోది వేసేసింది.

"మొగమాటపడకండి, వదినగారూ!"

వడ్డించినది వద్దనడం వరాలమ్మకి పుట్టి బుద్ధెరిగాక చేతకాలేదు. గారె తుంచింది.

చేతి గాజులోంచి జట్టువాళ్లు ఒక్కసారిగా కేకలేశారు.

"అక్కా, ఆపెయ్! కుట్లు తెగిపోతాయి!"

"నేను బస్సు పక్కకి ఆపేసినాను, ఊపిరాడ్డం లేదు!" అన్నాడు డ్రైవర్ సింహాద్రి. "వద్దని చెప్పెయ్యక్కా, మేమున్నాం!"

వరాలమ్మ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు, వదినగారూ!"

ఎంత గట్టిగా అందంటే, పంక్తంతా తిరిగి చూసింది.

గాజులోంచి నాలుగు తేన్పులు వినిపించాయి.