గుర్రం మీది మనిషి

"నాయనా, గుర్రం మీద ఉన్నామె మొహం ఇటు తిప్పేశావేంటి?"

నిచ్చెన మీదున్న ఆర్టిస్టు కుంచె ఆపి కిందికి చూశాడు. ఎవరో ముసలామె. నల్ల గొడుగు, అరిగిపోయిన చెప్పులు.

బ్యూటీ పార్లర్ బయటి గోడ మీద నాలుగు బొమ్మలు వేస్తున్నాడతను. నలుగురూ పాతకాలపు చవక సినిమాల తారలే. దయ్యం వేషాలామె, క్లబ్ డాన్సులామె, గూఢచారి వేషాలామె, గుర్రమెక్కిన దొంగలరాణి. పార్లర్ మేడమ్ కోరి మరీ వేయిస్తోంది.

గుర్రం మంట మీంచి దూకుతున్న ఫొటోలో దొంగలరాణి వీపు మాత్రమే కనిపిస్తుంది. "ఉన్నది ఉన్నట్టే వేయండి" అని మేడమ్ ఒకటికి రెండుసార్లు చెప్పింది. అతనికి నచ్చలేదు. వేరే ఫొటోలోంచి హీరోయిన్ మొహం తెచ్చి, తల ఇటు తిప్పి అతికించాడు. పెద్ద కళ్లు, దొంగ నవ్వు, బుగ్గ మీద పుట్టుమచ్చ.

"మొహం కనబడకపోతే ఎవరు చూస్తారు మామ్మా? ఇది జుట్టు దువ్వి, మొహాలు మెరిపించే షాపు. వీపు చూపించి బేరాలు పిలవమంటావా?"

ఆమె నిచ్చెనకు తగిలించిన ఫొటో వైపు చేయి చూపింది. "ఇందులో అటే ఉంది కదా."

"తీసినవాడికి తెలివి లేదు. నాకుంది."

ముసలామె గోడ దగ్గరికెళ్లి గుర్రం మెడ నిమరబోయింది.

"తడి! తడి! ముట్టుకోకు! చేతికి రంగంటుకుంటే మళ్లీ నా మీద పడతావు."

చేయి వెనక్కి తీసుకుంది.

"ఎవరు వేయిస్తున్నారు బాబూ వీటిని? ఒకసారి కలవొచ్చా?"

"దేనికి?"

"ఏం లేదు. ఒక్క మాట అడుగుదామని."

మొహం సంగతి ఈమె మేడమ్ చెవిన వేస్తే పని మళ్లీ మొదటికొస్తుంది. అతను గొంతు పెంచాడు.

"ఆవిడ రారు. వచ్చినా దారినపోయే వాళ్లతో మాట్లాడే తీరిక ఆవిడకుండదు."

పక్క కొట్టు టైలరు గుమ్మంలోకి వచ్చాడు. "కసురుకోకండి ఆర్టిస్టుగారూ, సినిమా పిచ్చి కాబోలు. ఆ దయ్యం బొమ్మ పక్కన ఈమెను కూడా వేసెయ్యండి!"

"వేయడమెందుకయ్యా, నిలబెడితే చాలదూ? రంగు మిగులుతుంది."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వకపోతే బాగుండదన్నట్టు ముసలామె కూడా కాస్త నవ్వింది.

"ఆ పిల్ల నిజంగానే అందగత్తె" అంది హీరోయిన్ మొహం చూస్తూ. "ఆమెనే ఉండనీలే నాయనా."

గొడుగు విప్పుకుని ఎండలో వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మేడమ్ వచ్చింది. గోడ చూసి మెట్టు మీదే ఆగిపోయింది.

"ఈ మొహం ఎవరు వేయమన్నారు?"

"బాగుంటుందని మేడమ్..."

"అటు తిరిగినామెను అటే ఉంచమన్నాను కదండీ. ఆ గుర్రం మీదున్నది హీరోయిన్ కాదు. హీరోయిన్‌కి గుర్రమంటే చచ్చేంత భయం. డూప్."

"డూపా?"

"ఈ నలుగురికీ ఆమే. మేడ మీంచి దూకాలన్నా, నీళ్లలో పడాలన్నా, మంటలోకి పోవాలన్నా. ఒక్క సినిమాలోనూ మొహం చూపించలేదు. ఈ ఊళ్లోనే ఎక్కడో ఉందని విన్నాను. మిగతా ముగ్గురినీ వేయించింది ఈ ఒక్క బొమ్మ కోసమే. ఎప్పుడైనా ఈ వీధిన పోతూ చూస్తే, ఆ వీపు తనదేనని గుర్తుపట్టి ఆగుతుందని. మీకు ముందే చెప్పాల్సింది. చెప్పడానికి సిగ్గుపడ్డాను."

ఆర్టిస్టు రంగు డబ్బా మూత పెట్టబోయి ఆగిపోయాడు.

"ఎవరైనా వచ్చి అడిగారా?"

టైలరు గుమ్మంలోంచి లోపలికి జారుకున్నాడు.

"పొద్దున ఒకావిడ వచ్చారు మేడమ్."

"ఏమంది?"

"మిమ్మల్ని కలుస్తానన్నారు. నేను... పంపించేశాను."

మేడమ్ వీధి చివరిదాకా పరిగెత్తింది. ఆయాసపడుతూ తిరిగొచ్చి, లోపల్నించి కాగితం, పెన్సిలు తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఎలా ఉంది? ఒకసారి చూస్తే చాలు కదా మీ ఆర్టిస్టులకి. వేసివ్వండి. నేనే వెతుక్కుంటాను."

పెన్సిలు కాగితానికి ఆనించాడు. నల్ల గొడుగు గుర్తొచ్చింది. చెప్పులు గుర్తొచ్చాయి. కళ్లు, ముక్కు, నోరు... ఎంత తవ్వుకున్నా రాలేదు. అంతసేపు మాట్లాడి, ఆ మొహం వైపు అతను ఒక్కసారీ సరిగ్గా చూడలేదు.

"మీకు తెలిసినావిడే కదా మేడమ్" అన్నాడు, చెవులు కాలిపోతుంటే. "మీరు పోలికలు చెప్పండి, నేను వేస్తాను."

ఆమె ఖాళీ కాగితం వైపే చూస్తోంది.

"నాకెలా తెలుస్తుందండీ? సినిమాల్లో దూకే మనిషని మా నాన్నవాళ్లు ఆమెను గుమ్మం తొక్కనివ్వలేదు. నన్ను మాత్రం లోపలికి తీసుకున్నారు. అప్పటికి నేనింతే పిల్లని. నాకు గుర్తున్నది, వీధిలో వెళ్లిపోతున్న మా అమ్మ వీపొక్కటే."