మడిచిన రెక్క

“ఊపిరాడతందా అమ్మా?” అన్నాడు కిరణ్‌కుమార్, మీనాకుమారి లైఫ్ జాకెట్ పట్టీ మరోసారి బిగించి.

“ఆడతంది నాన్నా. ఇంకా లాగితే ఆడదు,” అందామె.

అతను పట్టీ కొంచెం వదులు చేశాడు. హెల్మెట్ బకిల్ నొక్కి చూశాడు. ఆమె నడుముకు కట్టిన సంచి మూత సరిగా తెరుచుకుంటోందో లేదో చూశాడు. బెంగాల్‌లోని మందార్‌మణి తీరంలో దక్షిణపు గాలి అప్పటికే అలల మీద నురగ లేపుతోంది. పడవలో టోని ఇంజను ఆన్ చేసి ఎదురుచూస్తున్నాడు.

ఖరగ్‌పూర్ పూరీ గేటు పేటలో పుట్టి పెరిగిన టోని కొన్నేళ్లు గోవాలో పనిచేసి వచ్చి, ఇక్కడ సముద్రం మీద ఆటలు నేర్పుతున్నాడు. కిందటి చలికాలం పిక్నిక్‌కి వచ్చినప్పుడు మీనాకుమారి అతన్ని చూసింది. చిన్న పారాచూట్ లాంటి గుడ్డరెక్కను చేత్తో పట్టుకుని ఒక బల్ల మీద నిలబడ్డాడతను. బల్ల అడుగున, నీళ్లలో, విమానం రెక్కల్లాంటివి బిగించి ఉన్నాయి. వాటిని ఫాయిల్ అంటారు. వేగం అందుకోగానే బల్ల నీటిని వదిలి పైకి లేచింది. అప్పుడు టోని ఆ గుడ్డరెక్కను పోగు చేసి నడుము సంచిలో కుక్కేసి, ఖాళీ చేతులతో, అల తోసినంత దూరం ఒడ్డుకేసి వచ్చేశాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఖరగ్‌పూర్ చేరేదాకా ఆమె ఒళ్లో చేతిరుమాలు మడుస్తూ విప్పుతూ కూర్చుంది. ఇంటికి రాగానే, తనకది నేర్చుకోవాలని ఉందని చెప్పింది.

కిరణ్‌కుమార్ నవ్వేశాడు. తాల్‌బగీచాలోని ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. రైల్వే వర్క్‌షాపులో డ్యూటీ, ఇంటి దగ్గర మీనాకుమారి, అంతకుమించి అతనికి వేరే లోకం లేదు. చెంపల దగ్గర జుట్టు నెరుస్తోంది. టోని కూడా మొదట ఒప్పుకోలేదు. ఈ వయసు వాళ్లకి తానెప్పుడూ నేర్పలేదన్నాడు. ఆమె ఈత చూశాకే సరేనన్నాడు.

మిగిలిన చలికాలమంతా సెలవు రోజుల్లో పడవ వెనక తాడు పట్టుకుని బల్ల మీద నిలబడడం నేర్చుకుంది. పడింది, లేచింది, ఉప్పునీళ్లు కక్కింది. ఇంటికొచ్చాక కిరణ్‌కుమార్ ఆమె మోకాళ్లకు కాపడం పెట్టేవాడు. దక్షిణపు గాలి మొదలయ్యాక రెక్క చేతికిచ్చాడు టోని. గాలితో లేవడం త్వరగానే పట్టుబడింది. మడవడమే రాలేదు. కదిలే బల్ల మీద నిలబడి, గాలికి కొట్టుకునే గుడ్డను తాళ్లతో సహా దగ్గరికి లాక్కుని, కిందకి చూడకుండా సంచిలో పెట్టాలి. సాయంత్రాలు రైల్వే గ్రౌండులో నిలబడి అదే పని చేసేది. దారిన పోయేవాళ్లు సైకిళ్లు ఆపి మరీ చూసేవారు. కిరణ్‌కుమార్ తనకేమీ సంబంధం లేనట్టు టీ కొట్టు దగ్గర నిలబడేవాడు.

ఎదురింటి పెద్దామె సరోజమ్మ అతన్ని ఒకరోజు ఆపింది. “నీకు ఇంట్లో ఉన్నది అదొక్కర్తే. అదేటి అడిగితే దానికల్లా తలాడించడమేటి?” అంది.

ఆ వారమే ప్రమాదం జరిగింది. రెక్క మడుస్తుండగా తాడు కాలికి చుట్టుకుని మీనాకుమారి నీళ్లలో పడిపోయింది. టోని దూకి తాడు విడిపించేసరికి ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి. ఇక సముద్రం మాటెత్తొద్దని కిరణ్‌కుమార్ గట్టిగా చెప్పాడు. రెక్క ఉన్న సంచిని అటక మీద పాత ట్రంకుపెట్టె వెనక దాచాడు.

ఆమె వాదించలేదు. వంట చేసేది, వడ్డించేది, కిటికీ దగ్గర కూర్చునేది. గ్రౌండు వైపు వెళ్లడం మానేసింది. చివరికి అతనే ఉండబట్టలేక, అంత పంతం దేనికని అడిగాడు.

“పంతం కాదు నాన్నా,” అంది నెమ్మదిగా. “గాలి లాగితే దానెంట ఎవరైనా పోతారు. దాన్ని మడిసి పెట్టేసినాక కూడా పడకుండా నిలబడాల. నా కాళ్ల మీద నేనలా నిలబడతానో లేదో సూసుకోవాల.”

అతను అటక వైపు చూశాడు.

“నువ్వు ఒడ్డున వణుకుతుంటే నీళ్లలో నా కాళ్లు వణుకుతున్నాయి. భయపడొద్దని అనను. సూడు సాలు.”

మర్నాడు కిరణ్‌కుమార్ తనే అటకెక్కి సంచి దించాడు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆగకుండా గ్రౌండు మధ్యకి వెళ్లి, ఆమె పక్కన నిలబడి తాళ్లు చిక్కుపడకుండా పట్టుకున్నాడు.

ఇప్పుడు పడవ బాగా లోపలికి వెళ్లి ఆగింది. నీళ్లలో దిగిన మీనాకుమారి చుక్కలా కనిపిస్తోంది. పసుపుపచ్చ రెక్క గాలికి విచ్చుకుంది. బల్ల లేచి ఒడ్డు వైపు దగ్గరపడింది. ఒడ్డున తిరుగుతున్నవాళ్లు ఒక్కొక్కరే ఆగి అటు చూడసాగారు.

ఆమె తాళ్లు లాగడం మొదలుపెట్టింది. రెక్క ముడుచుకుంది. సగం సంచిలోకి వెళ్లాక ఒక కొస జారి గాలికి ఎగిరింది. బల్ల ఒక పక్కకి ఒరిగింది. కిరణ్‌కుమార్ తనకు తెలియకుండానే మోకాలి లోతు నీళ్లలోకి వెళ్లిపోయాడు. కళ్లు మాత్రం మూసుకోలేదు.

మీనాకుమారి మోకాళ్లు వంచింది. కంగారు పడకుండా ఆ కొసను చుట్టి లోపలికి తోసి, మెల్లగా నిటారుగా నిలబడింది.

చేతుల్లో ఏమీ లేదు. ఒక అల ఆమెను అందుకుని మరో అలకు అప్పగించింది. బల్ల నీటికి మూరెడు ఎత్తున, చప్పుడు లేకుండా, ఒడ్డుకేసి వస్తోంది. వెనక పడవలో టోని రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. ఒడ్డున ఎవరో చప్పట్లు కొట్టారు. చూస్తుండగానే అందరూ అందుకున్నారు. కిరణ్‌కుమార్ కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ కాసేపూ ఆమె కనిపించదు.

పక్కన నిలబడిన కలకత్తా యాత్రికుడొకడు అతని భుజం తట్టి, ఆ హెల్మెట్ పిల్ల మీకేమవుతుందని బెంగాలీలో అడిగాడు.

“నేనామె కొడుకుని,” అన్నాడు కిరణ్‌కుమార్.